చెరువు నిండా చక్కెర, ఆయకట్టుకు కరువు

దేవరకొండ వైపు పత్తి ఏరే రోజులు. మా చిన్నమ్మ పొద్దున ఆరింటికి షుగర్ గోళీ వేసుకుని, ఏడింటికి కూలీల ఆటో ఎక్కి చేనుకు పోయింది. సద్ది విప్పేది పదకొండున్నరకు. పది దాటాక ఆమె ఏరిన పత్తిని ఒడిలో వేసుకోకుండా చాళ్లలో పారేయడం మొదలుపెట్టింది. గొంతు పెంచి మాట్లాడటం తెలియని మనిషి, మేస్త్రిని పట్టుకుని బూతులు తిట్టింది. ఒళ్లంతా చెమట. పక్క సాలులో ఉన్నామె "అక్కకు గాలి సోకినట్టుందే" అంది. నిమ్మకాయ కోసం ఊళ్లోకి ఒక పిల్లగాణ్ని పంపారు. అదృష్టం కొద్దీ వాడికి దారిలో ఆర్‌ఎంపీ ఎదురయ్యాడు. ఆయన వచ్చి వేలు పొడిచి మిషన్‌లో చూస్తే 41.

గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు తాగించిన పావుగంటకు చిన్నమ్మ తేరుకుని, "నన్నెందుకు గట్టు మీద కూసోబెట్టిన్రు?" అని అడిగిందట. తిట్టిన తిట్లు ఒక్కటీ గుర్తులేవు. మేస్త్రికి మాత్రం అన్నీ గుర్తున్నాయి, అది వేరే సంగతి.

ఇంట్లో ఎవరికీ మింగుడుపడనిది ఒకటే. నెల కిందట పరగడుపు షుగర్ 240 ఉంది. ఎక్కువైందనే కదా గోళీ డోసు పెంచింది. ఎక్కువున్న మనిషికి తక్కువెట్లా అవుతుంది? పైగా కాళ్లూ చేతులూ ఆడుతూనే ఉన్నాయి, పత్తి ఏరుతూనే ఉంది. తప్పింది బుర్ర ఒక్కటే. మొదటి ప్రశ్నకు జవాబు గోళీకీ సద్దికీ మధ్య ఉన్న ఐదున్నర గంటల్లో ఉంది. రెండోదానికి జవాబు మెదడులోని రక్తనాళాల గోడలో ఉంది.

1885లో జర్మనీలో పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. గుండె, కాలేయం, కండరాలు అన్నిటికీ రంగు పట్టింది. మెదడుకు మాత్రం అంటలేదు. మెదడుకు రంగు పీల్చుకునే గుణం లేదేమో అనుకుని ఆయన అక్కడితో వదిలేశాడు. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అదే ప్రయోగం తిరగేసి చేశాడు. రంగును రక్తంలోకి కాకుండా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడంతా రంగు, ఒంటికి చుక్క కూడా లేదు. అంటే మధ్యలో ఏదో అడ్డం ఉంది. ఆ అడ్డం సరిగ్గా ఎక్కడుందో చూపించడానికి ఇంకో యాభై ఏళ్లు పైనే పట్టింది. 1967లో రీస్, కార్నోవ్‌స్కీ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద దాన్ని పట్టుకున్నారు. మెదడులోని సన్న రక్తనాళాల గోడ కణాలు ఒకదానికొకటి సందు లేకుండా కుట్టేసినట్టు ఉన్నాయి. ఒంట్లో మిగతా చోట్ల ఈ కణాల మధ్య నుంచి చిన్న చిన్న పదార్థాలు జారిపోతాయి. మెదడులో జారవు.

దీన్ని డాక్టర్లు బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ అంటారు, పుస్తకాల్లో రక్త-మెదడు అవరోధం అని రాస్తారు. పేరు వినగానే మెదడు చుట్టూ కోటగోడ ఒకటి ఊహించుకుంటాం. అట్లాంటిదేమీ లేదు. మెదడులోకి పోయే ప్రతి సన్న నాళానికీ ఈ గోడ ఉంటుంది. ఆ నాళాలన్నీ ఒకదాని వెంట ఒకటి పరిస్తే సుమారు 600 కిలోమీటర్లు అవుతాయని లెక్క, అంటే నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు మూడుసార్లు పోయి వచ్చినంత. లోపలి గోడ కణాలు, వాటిని బయటినుంచి పట్టుకుని ఉండే పెరిసైట్లు, వాటి మీద పాదాలు మోపి నిలబడే ఆస్ట్రోసైట్లు అనే మెదడు కణాలు కలిస్తేనే ఆ గోడ.

నాకు మాత్రం దీన్ని చెరువు కట్ట అనుకుంటేనే లెక్క కుదురుతుంది. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోళుల కాలం నాటి ఉదయ సముద్రం ఉంది కదా, దాన్నే ఊహించుకోండి. చెరువులో నీళ్లు రక్తంలోని చక్కెర. కట్ట కింది ఆయకట్టు మెదడు. నీళ్లు కట్ట మీదుగా దూకకూడదు, కట్టలోంచి ఊరకూడదు, తూము గుండానే రావాలి. మెదడు కట్టకు ఉన్న ఆ తూము పేరు గ్లూట్-1. గ్లూకోజ్‌ను పట్టి అవతలికి దాటించే ప్రోటీన్ అది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఇన్సులిన్ ఉంటేనే చక్కెర కణాల్లోకి పోతుందని విన్నాం కదా, అది కండరాలకూ కొవ్వుకూ వర్తించే మాట. ఆ కాలువల షట్టర్లు ఇన్సులిన్ వచ్చి ఎత్తాలి. మెదడు తూముకు షట్టరూ లేదు, నీరడీ లేడు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎంత పారుతుందన్నది చెరువులో మట్టం ఎంతుందన్నదాన్ని బట్టి, ఎన్ని తూములున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు రోజుల్లో మెదడు లోపల గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో పావు వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇన్సులిన్ సూది గానీ, ఇన్సులిన్‌ను బలవంతంగా ఊరించే గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి గోళీ గానీ వేసుకుని తిండి తినకపోతే ఏమవుతుంది? పక్క కాలువల షట్టర్లన్నీ ఎత్తేసి ఉంటాయి. పత్తి ఏరే చేతులు నీళ్లు తోడుకుంటూనే ఉంటాయి. మట్టం తూము కంటే కిందికి పోతుంది. చిన్నమ్మ చేతులు ఆడుతుండగా బుర్ర ముందు తప్పడానికి కారణం ఇదే.

మెదడుకు ఇంత పట్టింపు ఎందుకంటే, దానికి గాదె లేదు. మన బరువులో మెదడు 2 శాతమే, ఖర్చు మాత్రం మొత్తం శక్తిలో 20 శాతం. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ దానికే పోతుంది. సొంత నిల్వ నిమిషాల్లో అయిపోయేంత. పెద్ద మనిషి ఒంట్లోని రక్తమంతటిలో కలిపి ఉండే గ్లూకోజ్ ఎంతో తెలుసా? మామూలు వేళల్లో 5 గ్రాములు, ఒక చిన్న చెంచాడు! ఆ చెంచాడును కాలేయం గంట గంటకూ నింపుతూ ఉంటుంది. మెదడుకు చేరిన గ్లూకోజ్ నుంచి కణాలు వాడుకునే శక్తి సరుకు, ఏటీపీ తయారై, ఆ ఏటీపీలో సగం దాకా కణాల్లోంచి సోడియంను బయటికి తోడటానికే ఖర్చవుతుంది. (ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ ఒక పక్క, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు ఇంకో పక్క వేర్వేరుగా కనిపెట్టారు. షుగర్ గురించి తెలుగులో రాస్తూ ఆయన పేరు తలవకుండా దాటిపోబుద్ధి కాలేదు.) ఆ తోడే పంపు నిలిచిపోతే మొదట దెబ్బ తినేది ఆలోచన, మాట, నిదానం. ఇంకా దిగితే ఫిట్స్, స్పృహ తప్పడం. కొందరికి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయి అచ్చం పక్షవాతంలా కనిపిస్తుంది. అందుకే పక్షవాతం అనుకుని తెచ్చిన మనిషికి ఆసుపత్రిలో ముందు వేలు పొడిచి షుగర్ చూస్తారు.

70 కంటే దిగితే తక్కువ, 54 కంటే దిగితే ప్రమాదం. ఇవి ప్రపంచమంతా ఒప్పుకున్న గీతలు. కానీ ఒంటికి ఈ అంకెలు తెలియవు. దానికి తెలిసింది అలవాటు.

షుగర్ ఏళ్ల తరబడి 250, 300లో ఉన్నవాళ్లు కొందరు "నాకు 80కి వస్తే కళ్లు తిరుగుతాయి, 200 ఉంటేనే నిమ్మళంగా ఉంటది" అంటారు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు లో షుగర్ లక్షణాలు సగటున 78 దగ్గరే మొదలవుతున్నాయని, డయాబెటిస్ లేనివాళ్లకు 53 దాకా దిగితే గానీ మొదలవడం లేదని 1988లోనే కొలిచి చూపించారు. చెరువు ఎప్పుడూ అలుగు పోస్తుంటే ఇన్ని తూములు ఎందుకని కట్ట కొన్ని మూసుకుంటుందని దీనికి ఒక వివరణ. ఎక్కువ షుగర్ పెట్టిన ఎలుకల్లో గ్లూట్-1 తగ్గినట్టు కొన్ని ప్రయోగాల్లో కనిపించింది కూడా. మనుషుల మీద చేసిన స్కానింగుల్లో మాత్రం ఈ తగ్గుదల అంత తేటగా కనిపించలేదు, అందుకని తూముల లెక్క ఒక్కటే దీనికి కారణమని నేను అనను. ఒళ్లు ఎక్కువకు అలవాటు పడిందన్నది మాత్రం నిజం. ఆ అలవాటును మాన్పించాలంటే మెల్లగా దించాలి. మూడు వందల మనిషిని వారంలో వందకు దించి శెభాష్ అనిపించుకోవాలనుకునే తొందర మంచిది కాదు.

దీనికి తిరగబడ్డ కథ ఇంకా భయపెడుతుంది. తరచూ లో షుగర్ అయ్యేవాళ్లలో కట్ట కొత్త తూములు తవ్వుకుంటుందని ఒక వివరణ. రోజుల తరబడి షుగర్ తక్కువ ఉంచిన ఎలుకల్లో గ్లూట్-1 పెరిగింది. 1995లో టైప్-1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ ఊరని రకం) ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, షుగర్‌ను బాగా బిగించి ఉంచుకున్నవాళ్లకు రక్తంలో చక్కెర పడిపోయినా మెదడుకు అందే గ్లూకోజ్ తగ్గలేదు. వినడానికి బాగుంది కదా? కాదు. ఎందుకో చెప్తాను.

లో షుగర్‌లో మనకు వచ్చే చెమట, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి మెదడు మోగించే డప్పు. చెరువు అడుగంటుతోందని ఊరికి వేసే దండోరా అది. ఆయకట్టుకు నీళ్లు అందుతూనే ఉంటే డప్పు మోగదు. మట్టం 60 అయినా, 50 అయినా మనిషికి ఏమీ తెలియదు, మామూలుగా బండి నడుపుతుంటాడు, మోటార్ వేయడానికి పోతాడు. తర్వాత ఎన్ని తూములున్నా లాభం లేని మట్టానికి ఒక్కసారిగా పడిపోతాడు. చెమట పట్టే దశ లేకుండానే మతి తప్పే దశ. డాక్టర్లు దీన్ని హైపోగ్లైసీమియా అన్‌అవేర్‌నెస్ అంటారు. ఒక్కసారి షుగర్ పడితే చాలు, మర్నాడు మళ్లీ పడ్డప్పుడు అడ్రినలిన్ స్పందన మొదటిరోజంత ఉండదు. కాబట్టి "ఇదివరకు వణుకు వచ్చేది, ఇప్పుడు రావట్లేదు, ఒంటికి పడ్డట్టుంది" అని ఎవరైనా సంతోషంగా చెప్తే అదే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిన మాట. ఇందులో ఊరట ఏమిటంటే ఇది తిరిగి వస్తుంది. రెండు మూడు వారాలు ఒక్కసారి కూడా షుగర్ పడకుండా చూసుకుంటే చాలామందిలో డప్పు మళ్లీ మోగుతుంది. బీపీకీ గుండెకూ వాడే బీటా బ్లాకర్ గోళీలు దడను, వణుకును కప్పేస్తాయి, చెమటను కప్పవు. ఆ గోళీలు వాడేవాళ్లు చెమటను నమ్ముకోవాలి.

మరి మా అమ్మమ్మ ఏకాదశికి పొద్దంతా పచ్చి మంచినీళ్లతో ఉండేది, మహాశివరాత్రికి జాగారం కూడా చేసేది, ఆమెకెందుకు ఏమీ కాలేదు? ఆమెకు షుగర్ లేదు, గోళీలు లేవు. తిండి ఆగినప్పుడు ఒంట్లో ఇన్సులిన్ తానే తగ్గిపోతుంది, కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు తయారు చేస్తుంది. కట్టకు కీటోన్ల కోసం వేరే తూములున్నాయి. ఉపవాసం రోజుల కొద్దీ సాగితే మెదడు ఖర్చులో సగానికి పైగా అవే భరించగలవు. కానీ సూది వల్లనో గ్లిమెపిరైడ్ వల్లనో షుగర్ పడినప్పుడు ఒంట్లో ఇన్సులిన్ నిండుగా ఉంటుంది. ఇన్సులిన్ ఉన్నంతసేపు కీటోన్లు పుట్టవు. అంటే చెరువూ ఎండుతుంది, బోరూ పోయదు. ఒకే ఉపవాసం, ఒకే ఇల్లు, అత్తకు ఏమీ కాదు, గోళీ వేసుకున్న కోడలు పడిపోతుంది. పాలమూరులో రోజాలుండేవాళ్లకు డాక్టర్లు రంజాన్‌కు ముందే వచ్చి గోళీల వేళలు మార్పించుకొమ్మని చెప్పేది దీనికే. రోజాలో ఉన్నా సరే 70 కంటే దిగితే విరమించాల్సిందే.

కల్లు సంగతి చెప్పకుండా మన జిల్లాల షుగర్ గురించి రాయడం దొంగతనం. ఆల్కహాల్ కాలేయం కొత్త గ్లూకోజ్ చేయడాన్ని ఆపేస్తుంది. గోళీ వేసుకుని, ఏమీ తినకుండా, పొద్దుగూకంగ కల్లు కాంపౌండ్‌కు పోయి వచ్చిన మనిషికి షుగర్ పడిపోతే లక్షణాలు ఏవి? తూలడం, ముద్ద మాట, అర్థం లేని కోపం. "తాగి పడిండు, పొద్దున లేస్తడు తీయ్" అని అరుగు మీద వదిలేస్తారు. షుగర్ ఉన్న మనిషి తాగి పడిపోతే ముందు వేలు పొడవాలి, తర్వాత తిట్టాలి.

ఇప్పటిదాకా తూముల సంగతి. అసలు కట్ట మాటేమిటి?

ఏళ్ల తరబడి మట్టం ఎక్కువుంటే కట్ట తెగదు, ఊరుతుంది. ఎండ్రకాయలు బొక్కలు చేసినట్టు. ఎక్కువైన చక్కెర ప్రోటీన్లకు అంటుకుని వాటిని గట్టిపరుస్తుంది, కణాలను లోపలినుంచి దెబ్బతీసే ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది. అక్కడినుంచి మంట (ఇన్‌ఫ్లమేషన్) పుడుతుంది, కణాల మధ్య కుట్లను కోసే ఎంజైములు పెరుగుతాయి. కట్టకు రాతి కట్టుబడి లాంటి పెరిసైట్లు రాలిపోతాయి. మెదడును కోసి చూడలేం గానీ కంటిని చూడగలం. కంటి రెటీనా నాళాలకూ ఇట్లాంటి కట్టే ఉంటుంది. డయాబెటిస్‌లో అక్కడ పెరిసైట్లు పోవడం తొలి దెబ్బల్లో ఒకటి. ఆ తర్వాత నాళాలు ఊరి, రక్తస్రావమై చూపు పోవచ్చు. కంటి డాక్టర్ చుక్కలు వేసి లోపల చూసేటప్పుడు ఒక రకంగా మెదడు కట్టకు చుట్టాన్ని చూస్తున్నట్టే.

మెదడులోనూ ఊట ఉంటుందనడానికి 2003లో ఎడిన్‌బరాలో ఆధారం దొరికింది. మామూలుగా కట్ట దాటలేని గాడోలినియం అనే మందును రక్తంలోకి ఎక్కించి ఎంఆర్‌ఐ తీస్తే, టైప్-2 డయాబెటిస్ ఉన్నవాళ్ల మెదడులోకి అది మిగతావాళ్ల కంటే ఎక్కువ ఊరింది. చిన్న అధ్యయనమే, పదుల్లో మనుషులు. కానీ దారి చూపించింది. ఊట వల్ల లోపలికి రాకూడని రక్తపు ప్రోటీన్లు వస్తాయి, మెదడు కావలి కణాలు వాటిని చూసి రెచ్చిపోతాయి, చుట్టుపక్కల నాడీకణాలు నలుగుతాయి. డయాబెటిస్ ఉన్నవాళ్లకు మతిమరుపు జబ్బు (డిమెన్షియా) వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఒకటిన్నర రెట్లు ఉంటుందని పెద్ద పెద్ద లెక్కలు చెప్తున్నాయి. దానికి కట్ట ఊట ఒక కారణం, సన్న నాళాలు మూసుకుపోవడం ఇంకో కారణం, బీపీ మూడోది. మతిమరుపు జబ్బుల్లో ఒకటైన అల్జీమర్స్‌నే కొందరు "టైప్-3 డయాబెటిస్" అని పిలుస్తున్నారు. నాకు ఆ పేరు నచ్చదు. షుగర్ లేని ఎంతోమందికి ఆ జబ్బు వస్తుంది, షుగర్ ఉన్న ఎంతోమందికి రాదు.

అయితే షుగర్‌ను వీలైనంత కిందికి తొక్కేస్తే కట్ట బాగుపడుతుందా? అమెరికా, కెనడాల్లో చేసిన అకార్డ్ అనే పెద్ద ట్రయల్‌లో, 10 వేల పైచిలుకు మందిలో సగం మందికి మూడు నెలల సగటును (హెచ్‌బీఏ1సీ అనే పరీక్షలో శాతంగా వచ్చే అంకె) 6 కంటే కిందికి దించాలని చూశారు. ఆ గుంపులో చావులు పెరగడంతో ఆ భాగాన్ని 2008లో మధ్యలోనే ఆపేశారు. 2009లో కాలిఫోర్నియాలో 16,667 మంది టైప్-2 రోగుల రికార్డులు చూస్తే, లో షుగర్‌తో ఆసుపత్రికి పోయినవాళ్లకు తర్వాత డిమెన్షియా ఎక్కువగా వచ్చింది. ఎన్నిసార్లు పోతే అంత ఎక్కువ. ఏది ముందు, ఏది వెనుక అన్న పేచీ ఉంది, ఎందుకంటే మతిమరుపు మొదలైనవాళ్లు గోళీ రెండుసార్లు వేసుకుని తిండి మర్చిపోవచ్చు. ఎలుకల్లో ఇంకో సంగతి బయటపడింది. తీవ్రమైన లో షుగర్‌లో నాడీకణాలకు జరిగే నష్టంలో కొంత, చక్కెర పడినప్పుడు కాదు, ఒక్కసారిగా బాగా ఎక్కువగా తిరిగి వచ్చినప్పుడు జరుగుతోంది. ఎండిన కాలువలోకి ఒక్కసారి వరద వదిలినట్టు. అందుకని ఎత్తూ పల్లాలే కట్టకు ఎక్కువ చేటు అని నా లెక్క. పెద్ద వయసువాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు సగటు 8 దాకా ఉన్నా పర్వాలేదని డాక్టర్లు అంటే అది నిర్లక్ష్యం కాదు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి డయాబెటిస్ ఉంది. వీళ్లలో ఎంతోమంది చిన్నమ్మ లాంటివాళ్లే, గడియారం చూసి గోళీ, మేస్త్రిని చూసి సద్ది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడటం అరుదు. భయం గ్లిమెపిరైడ్ లాంటివాటితో, సూదితో.

పడినప్పుడు చేయాల్సింది తెలిసిందే. మనిషి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాలు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ వేలు పొడవడం, పెరగకపోతే మళ్లీ ఇవ్వడం. చాక్లెట్, లడ్డు పనికిరావు, కొవ్వు వల్ల ఆలస్యం. పెరిగాక బువ్వ తినాలి. మన దగ్గర ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. మూడు మందులు కలిపిన గోళీల్లో తరచుగా వోగ్లిబోస్ ఉంటుంది. అది పేగులో చక్కెరను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. ఆ గోళీ వాడేవాళ్లకు పంచదార, బెల్లం ఇస్తే వెంటనే పనిచేయవు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. గోళీ అట్ట మీద పేర్లు ఒకసారి చదివించుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ ఒంట్లో చాలాసేపు ఉంటాయి, కిడ్నీ బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. తేరుకున్నాడు కదా అని ఇంటికి తెచ్చిన మనిషికి అదే రాత్రి మళ్లీ పడొచ్చు. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచుతామంటే ఉండనివ్వండి.

చిన్నమ్మను దేవరకొండలో డాక్టర్‌కు చూపించినప్పుడు ఆయన రిపోర్టు పక్కన పెట్టి, పొద్దున ఎన్నింటికి తింటావమ్మా అని అడిగాడు. గోళీ మార్చాడు, వేళ మార్చాడు. ఇప్పుడు ఆమె ఆటో ఎక్కేముందే రెండు జొన్న రొట్టెలు తింటుంది. కొంగు ముడిలో వక్కపొడి పక్కన గ్లూకోజ్ పొట్లం ఒకటి ఉంటుంది. ఆ పొట్లం ఎందుకో పక్క సాలులో ఏరేవాళ్లందరికీ తెలుసు, మేస్త్రికి అందరికంటే బాగా తెలుసు. చిన్నమ్మ కొంచెం గొంతు పెంచితే చాలు, "అక్కా, ఒకసారి వేలు చూపియ్యి" అంటాడట.